బరువు 63 కిలోలే, పొట్ట కూడా లేదు. మరి షుగర్ ఎలా వచ్చింది?

కృష్ణాతీరం (జనవరి 19, రాత్రి 10:12)
అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మాది విజయవాడ. వయసు 36, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 63 కిలోలు. ఆఫీసులో ఏటా చేయించే టెస్టుల్లో, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బిఎ1సి 6.9 వచ్చింది. ల్యాబ్ వాళ్లు ఎవరి శాంపిలో కలిపేశారనుకుని ఇంకోచోట ఇచ్చాను. 6.8. నాన్నకి 58 ఏళ్లకి వచ్చింది, నాకు 36కే వచ్చింది. మా సీట్ల వరసలోనే ఒకాయన 94 కిలోలు. సాయంత్రమైతే మిర్చి బజ్జీ పొట్లం విప్పకుండా ఉండడు. ఆయనది 5.4!

డాక్టరు గారు మెట్‌ఫార్మిన్ రాసి, కొంచెం బరువు తగ్గమన్నారు. ఏ బరువు? ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి చూసుకున్నాను. చేతులు అగ్గిపుల్లల్లా ఉన్నాయి. అమ్మేమో దిష్టి తగిలిందంటోంది. సంక్రాంతి అరిసెలు ఇంకా సగం డబ్బా ఉన్నాయి, వాటి వంక చూస్తే ఏడుపొస్తోంది. సన్నగా ఉన్నవాళ్లకి ఇదెందుకొస్తుందో తెలిసినవాళ్లు చెప్పండి. చిట్కాలు వద్దు, కారణం కావాలి.

సూటిగా_చెప్తా (రాత్రి 10:20)
అన్నం మానెయ్ బ్రో. జిమ్‌కి పో. కారణాలు తెలుసుకుంటే షుగర్ తగ్గదు.

పాలమూరు_పిల్ల (రాత్రి 11:05)
కృష్ణాతీరం గారూ, మీ ఎత్తు, బరువు వేసి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువేనా అని చెప్పే అంకె, లెక్క చూశాను. 22.3 వచ్చింది. ఆ అంకె చూడగానే నవ్వొచ్చింది, ఏమనుకోకండి. మా న్యూట్రిషన్ చదువుల్లో ఆ 22.3 తెలియనివాళ్లుండరు.

2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫోటో వచ్చింది. ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడి ఉంటారు. ఒకరు పుణె కేఈఎం ఆసుపత్రి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, సరిగ్గా 22.3. ఒంట్లో కొవ్వు కొలిస్తే తెల్లాయనకి 9.1 శాతం, మనాయనకి 21.2 శాతం. ఇద్దరి ఇంటిపేర్లూ ఇంగ్లిష్‌లో వై అక్షరంతో మొదలవుతాయి కాబట్టి దానికి వై-వై పారడాక్స్ అని పేరుపెట్టారు. తన ఒంటినే ఉదాహరణగా అచ్చేయించుకున్న డాక్టరుని నేనైతే ఇంకెవర్నీ చూడలేదు.

మీ 63 కిలోలకి ఆ లెక్క వేస్తే 9.1 శాతమంటే ఆరు కిలోల లోపు కొవ్వు, 21.2 శాతమంటే 13 కిలోల పైనే. మీలో అంత ఉందని కాదు, కొలిస్తేగానీ తెలియదు. ఇద్దరికీ ఒక్కటే అంకె చూపించే బీఎంఐకి ఈ తేడా తెలియదని చెప్తున్నానంతే.

కృష్ణాతీరం (రాత్రి 11:18)
13 కిలోలా! నా ఒంట్లో ఎక్కడ దాక్కుంటుందండీ అంత?

పాలమూరు_పిల్ల (రాత్రి 11:41)
చర్మం కింద కొంత, కడుపులో పేగుల చుట్టూ కొంత, లివర్లో కొంత. అసలు గొడవ ఈ లివర్‌తోనే. ఇంకోవైపు కండ తక్కువ. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద భాగాన్ని దాచుకునే గాదె కండే. మీరే అన్నారు కదా, చేతులు అగ్గిపుల్లలని. గాదె చిన్నది, పంట మాత్రం పూటపూటకీ లారీల్లో దిగుతోంది. అందుకే మనవాళ్లకి బీఎంఐలో అధిక బరువు గీత 25 దగ్గర కాదు, 23 దగ్గరే గీస్తారు. నడుము కూడా మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదంటారు. ఒక టేపు తీసుకుని బొడ్డు దగ్గర కొలవండి. ఊపిరి బిగబట్టకుండా!

కృష్ణాతీరం (రాత్రి 11:50)
89. బిగబట్టకుండా. ప్యాంటు సైజు 32 అని ఇన్నాళ్లూ గర్వంగా చెప్పుకున్నాను.

రిటైర్డ్_మాస్టారు (జనవరి 20, ఉదయం 5:30)
బాబూ, నేను తెనాలిలో ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పాను. ఈ కథ పుణెలో మొదలవలేదు. ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే జిల్లా ఉంది. గత శతాబ్దం మొదట్లో అక్కడి మంత్రసానుల మీద అధికారిణి ఒకావిడ ప్రతి పురుడుకీ లెడ్జర్ రాయించింది. బిడ్డ పుట్టినప్పుడు బరువెంత, ఏడాది నిండేసరికి ఎంత, తల్లిపాలా సీసాపాలా, అన్నీ. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ బార్కర్ కంట్లో ఆ లెడ్జర్లు పడ్డాయి. ఆ పసివాళ్లు అప్పటికి అరవైల్లో ఉన్నారు. వెతికి పట్టుకుని, కేంబ్రిడ్జిలోని నిక్ హేల్స్‌తో కలిసి వాళ్లకి షుగర్ పరీక్షలు చేస్తే, తక్కువ బరువుతో పుట్టినవాళ్లలోనే సమస్య ఎక్కువగా కనిపించింది. 1991లో అచ్చయింది. కడుపులో ఉన్నప్పుడు తిండి సరిపోకపోతే బిడ్డ శరీరం పొదుపుగా బతకడం నేర్చుకుంటుంది, తర్వాత పుష్కలంగా దొరికితే ఆ పొదుపే దెబ్బ తీస్తుందని వాళ్ల వాదన.

యాజ్ఞిక్ గారు 1993లో పుణె దగ్గర ఆరు పల్లెల్లో గర్భిణులను చూడటం మొదలుపెట్టారు. అక్కడ పిల్లలు సగటున 2.7 కిలోలతో పుడుతున్నారు, సౌతాంప్టన్ పిల్లలు 3.5. అయితే ఆ 800 గ్రాములు ఎక్కడ తగ్గాయో చూడాలి. కండ తగ్గింది, పొట్టలోని అవయవాలు తగ్గాయి. కొవ్వు మాత్రం దాదాపు తగ్గలేదు. సన్నగా కనిపించే బొద్దు పిల్లలన్నమాట. నీ సంగతి కూడా నీ చేతిలో లేనప్పుడే కొంత రాసిపెట్టి ఉండొచ్చు. అమ్మని అడిగి చూడు, నువ్వు పుట్టినప్పుడు ఎంత ఉన్నావో.

అమ్మమ్మ_వంటిల్లు (ఉదయం 8:15)
మాస్టారూ, పెద్దవారు మీరు, కానీ ఇది నాకు నచ్చలేదు. చివరికి తిరిగి తిరిగి తల్లి నెత్తినే పడిందా? పిల్లాడికి జలుబు చేస్తే తల్లి ఐస్‌క్రీమ్ పెట్టిందంటారు, మార్కులు తగ్గితే తల్లి చూసుకోలేదంటారు. ఇప్పుడు 36 ఏళ్లవాడికి షుగర్ వచ్చినా కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావని అడగాలా? మా పెద్దాడు 2.4 కిలోలతో పుట్టాడు. ఏడో నెల వరకు నేను బిందెలతో నీళ్లు మోశాను. అందరికీ పెట్టి ఆఖర్న గిన్నె గీక్కుని తిన్నాను. ఎవరిని అడుగుతారు?

రిటైర్డ్_మాస్టారు (ఉదయం 8:52)
అమ్మా, నా మాట అలా వినిపించింది, క్షమించు. తప్పు నీదన్న అర్థంతో రాయలేదు.

పాలమూరు_పిల్ల (ఉదయం 9:30)
అక్కా, మీరు చెప్పిన బిందెలు కూడా ఆ పుణె లెక్కల్లో ఉన్నాయి. నిజంగా. కడుపుతో ఉండి పొలంపని, నీళ్లు మోయడం లాంటి బరువు పనులు ఎక్కువ చేసినవాళ్ల పిల్లలు చిన్నగా పుట్టారని ఆ బృందమే రాసింది. ఆకుకూరలు, పండ్లు, పాలు ఎక్కువసార్లు తిన్నవాళ్ల పిల్లలు పెద్దగా పుట్టారు. ఆ ఊళ్ల తల్లుల్లో సగానికి పైగా విటమిన్ బి12 తక్కువ. బి12 తక్కువగా ఉండి ఫోలేట్ అనే ఇంకో విటమిన్ ఎక్కువున్న తల్లుల పిల్లలకి ఆరేళ్ల వయసులో ఇన్సులిన్ సరిగా పట్టడం లేదని 2008లో తేలింది. ఇందులో తల్లి చేసిన తప్పేముంది? గిన్నెలో ఆమె వంతుకి ఏం మిగిల్చారన్నది ఇంటిల్లిపాదినీ అడగాల్సిన ప్రశ్న.

అమ్మమ్మ_వంటిల్లు (ఉదయం 9:44)
అది రాయాల్సింది ముందు.

సూటిగా_చెప్తా (ఉదయం 10:10)
సరే, వినడానికి బాగానే ఉంది. వాట్సాప్‌లో ఇంకో కథ తిరుగుతోంది, బ్రిటిష్ వాళ్ల కాలంలో కరువులొచ్చాయి కాబట్టే మనకి షుగర్ అని. నందన కరువు, ధాత కరువు అని పేర్లు కూడా చెప్తున్నారు. మరి దానికి రుజువేంటి? తల్లి తిన్నదానికీ బిడ్డ షుగర్‌కీ లింకు అన్నారు. బాగా తిన్న తల్లి డబ్బున్న తల్లి కూడా కదా? ఆ పిల్లాడికి అన్నీ బాగానే ఉంటాయి. తిండి వల్లే అని ఎలా తేల్చారు?

పాలమూరు_పిల్ల (ఉదయం 10:38)
రెండూ మంచి ప్రశ్నలే. వాట్సాప్ కథ ఊహ. ధాత కరువునాటి తల్లుల లెక్కలు మన దగ్గర ఎవరు రాసిపెట్టారు? కొలిచి చెప్పింది డచ్చివాళ్ల సంగతి. 1944-45 చలికాలంలో జర్మన్లు తిండి సరఫరా ఆపేస్తే ఆమ్‌స్టర్‌డామ్‌లో కరువొచ్చింది. ఆసుపత్రి పుస్తకాలు ఉన్నాయి కాబట్టి, ఆ నెలల్లో కడుపులో ఉన్నవాళ్లని యాభై ఏళ్ల వయసులో పరీక్షించారు. కరువుకి ముందే పుట్టినవాళ్లకంటే, కరువు పోయాక కడుపున పడ్డవాళ్లకంటే వీళ్లకి గ్లూకోజ్ తట్టుకునే శక్తి తగ్గింది. అక్కడ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ పస్తులున్నారు, మీ డబ్బు ప్రశ్నకి అది కొంత జవాబు. మిగతా జవాబు మన హైదరాబాద్ పక్కనే ఉంది.

శంషాబాద్_కుర్రాడు (మధ్యాహ్నం 1:25)
అక్కా, నువ్వు చెప్పేది ఆ 29 ఊళ్ల సంగతేనా? మా దిక్కు పెద్దోళ్లు ఇప్పటికీ 'ఎన్ఐఎన్ వాళ్లొచ్చిన్రు' అంటరు.

పాలమూరు_పిల్ల (మధ్యాహ్నం 2:10)
అదే తమ్ముడూ. 1987 నుంచి 1990 దాకా ఎన్ఐఎన్, అంటే జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు హైదరాబాద్ దగ్గర 29 పల్లెలు తీసుకున్నారు. అప్పటికి ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీ పథకం, 15 ఊళ్లకి వచ్చింది, 14 ఊళ్లకి ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్లలో గర్భిణులకీ, ఆరేళ్ల లోపు పిల్లలకీ రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో, సోయా నూనె వేసి వండినది. తల్లికి రోజుకి 500 క్యాలరీలు, పిల్లాడికి 300. అప్పుడు చూసింది పుట్టిన బరువు ఎంత పెరుగుతుందని మాత్రమే.

తర్వాత 2003-05లో లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌కి చెందిన సంజయ్ కిన్రా, ఎన్ఐఎన్ వాళ్లతో కలిసి ఆ పిల్లల్ని మళ్లీ వెతికారు. అప్పటికి వాళ్లకి 13 నుంచి 18 ఏళ్లు. మొత్తం 1,165 మంది. ఉప్మా ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. అది చిన్నదే. కానీ ఇన్సులిన్ పనిచేయకపోవడాన్ని కొలిచే స్కోరు 20 శాతం తక్కువ, రక్తనాళాల బిరుసు కూడా తక్కువ. బీపీలో, కొలెస్ట్రాల్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

సూటిగా_చెప్తా గారూ, మీరు అడగకముందే చెప్తాను. ఏ ఊరికి ఉప్మా అనేది చీటీలు తీసి తేల్చలేదు, పథకం ముందొచ్చిన ఊళ్లు, రాని ఊళ్లు అంతే. అందుకని దీన్ని బల్లగుద్ది చెప్పకూడదు.

సూటిగా_చెప్తా (మధ్యాహ్నం 2:31)
నువ్వే చెప్పేశావుగా. ఇలా ఒప్పుకునేవాళ్ల మాట అయితే వింటాను.

శంషాబాద్_కుర్రాడు (రాత్రి 8:40)
అమ్మనడిగిన. నేను 1988ల పుట్టిన. మా ఊరు ఆ లెక్కలున్నదో లేదో ఆమెకు తెల్వదు గానీ, పసుపుపచ్చ ఉప్మా మాత్రం యాదికున్నదట. స్టీలు టిఫిన్ తీస్కపోయి లైన్ల నిలబడేదట. "నాకిచ్చింది నేనెక్కడ తిన్న బిడ్డా, ఇంటికి తెచ్చి మీ అన్నకు వెట్టిన" అన్నది. ఈ లెక్క ఆ సార్లు రాసుకున్నరో లేదో!

పాలమూరు_పిల్ల (రాత్రి 8:58)
ఈ రంగంలో అందరినీ ఏడిపించేది అదే తమ్ముడూ. రిజిస్టర్‌లో తల్లి తిన్నట్టు ఉంటుంది, గిన్నె ఇంటికెళ్తుంది.

కృష్ణాతీరం (రాత్రి 10:05)
నేను 2.3 కిలోలట. ఎనిమిదో నెలలోనే పుట్టానట. అమ్మ చెప్తూ చెప్తూ కళ్లు తుడుచుకుంది. అమ్మమ్మ_వంటిల్లు గారి మెసేజ్ ముందే చదివాను కాబట్టి సరిపోయింది, "నీ వల్ల కాదమ్మా" అని ముందే అన్నాను. సరే, కారణం కొంత అర్థమైంది. ఇప్పుడు చెప్పండి, 36 ఏళ్ల తర్వాత చేయగలిగింది ఏమైనా ఉందా?

టైన్_నది_ఒడ్డున (జనవరి 21, తెల్లవారుజాము 3:15)
ఉంది బ్రదర్. నేనుండేది న్యూకాజిల్‌లో, ఊరు భీమవరం. ఇక్కడి విశ్వవిద్యాలయంలో రాయ్ టేలర్ అని ఒక ప్రొఫెసర్. ఆయన సిద్ధాంతం 2008 నుంచి ఒకటే. లివర్లో కొవ్వు పేరుకుంటుంది, అది పొంగి పాంక్రియాస్‌లోకి, అంటే క్లోమంలోకి వెళ్తుంది, ఇన్సులిన్ చేసే కణాలు నీరసపడతాయి. ఆ కొవ్వు తీసేస్తే కణాలు లేచి కూర్చుంటాయి అని. 2011లో 11 మందికి రోజుకి 600 క్యాలరీలే ఇచ్చి ఎనిమిది వారాలు చూశాడు. వారం తిరిగేసరికి పరగడుపు షుగర్ మామూలుకి వచ్చింది.

తర్వాత గ్లాస్గో విశ్వవిద్యాలయం మైక్ లీన్‌తో కలిసి డైరెక్ట్ అనే పెద్ద ట్రయల్ చేశారు. ఇది చీటీలు తీసి చేసిందే, సూటిగా అన్న కోసం చెప్తున్నా. మందులు ఆపి, మూడు నుంచి ఐదు నెలలు రోజుకి 825-853 క్యాలరీల షేకులు, సూపులు మాత్రమే. ఏడాదికి 46 శాతం మందికి మందుల్లేకుండా షుగర్ అదుపులో ఉంది. మామూలు వైద్యం పొందినవాళ్లలో 4 శాతం. 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్లలో అయితే 86 శాతం.

సూటిగా_చెప్తా (ఉదయం 7:20)
ఏడాది తర్వాత?

టైన్_నది_ఒడ్డున (మధ్యాహ్నం 12:40)
రెండేళ్లకి 36 శాతం. ఐదేళ్ల దాకా లెక్కలో నిలిచినవాళ్లలో 13 శాతం. బరువు మళ్లీ ఎక్కితే షుగరూ వచ్చేస్తుంది. దాచడానికి ఏమీ లేదు.

కృష్ణాతీరం (మధ్యాహ్నం 12:55)
అన్నా, నేను 15 కిలోలు తగ్గితే 48 ఉంటాను. గాలొస్తే కొట్టుకుపోతాను.

టైన్_నది_ఒడ్డున (మధ్యాహ్నం 1:10)
నీలాంటి వాళ్ల మీదే ఇంకో పరీక్ష చేశారు, పేరు రీట్యూన్. బీఎంఐ 27 లోపున్నవాళ్లు 20 మంది. సగటు 24.8. విడతకి ఐదు శాతం చొప్పున తగ్గించుకుంటూ వెళ్లారు. సగటున 10.7 శాతం బరువు తగ్గేసరికి 20 మందిలో 14 మందికి మందుల అవసరం పోయింది. టేలర్ చెప్పేదేంటంటే, ప్రతి మనిషికీ కొవ్వు దాచుకునే హద్దు ఒకటి ఉంటుంది, అది ఎవరిది వాళ్లదే. మీ కొలీగ్ గోడౌన్ పెద్దది, 94 కిలోలకీ నిండలేదు. నీది అటక, 63కే నిండింది. ఇరవై మందే కాబట్టి పెద్ద మాటలు వద్దు, కానీ దారి అదే అనిపిస్తుంది.

మధుమేహ_విముక్తి_99 (మధ్యాహ్నం 3:02)
[ఈ పోస్టు తొలగించబడింది]

నిర్వాహకుడు (మధ్యాహ్నం 3:06)
"21 రోజుల్లో షుగర్ మాయం, 18 వేల ప్యాకేజీ" అని ఫోన్ నంబరు పెట్టారు. ఇది మూడో ఐడీ. చర్చ బాగుంది, కొనసాగించండి.

మంగళగిరి_సిస్టర్ (సాయంత్రం 6:30)
నేను నర్సుని. ఆ ప్యాకేజీ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మా చిన్నమామయ్య ఇలాంటిదేదో వీడియో చూసి, ఎవరికీ చెప్పకుండా తిండి సగం చేశాడు. గ్లిమిపిరైడ్ బిళ్ల మాత్రం ఎప్పటిలా వేసుకున్నాడు. నాలుగో రోజు మధ్యాహ్నం మిరప చేలో గట్టు మీద కూలబడ్డాడు. చొక్కా పిండితే కారేంత చెమట. పక్క చేనువాళ్లు ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగించారు. నేను వెళ్లి గ్లూకోమీటర్ పెడితే షుగర్ 41కి పడిపోయి ఉంది. ఆ బిళ్ల తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి తోస్తూనే ఉంటుంది. డైరెక్ట్ ట్రయల్‌లో మందులు మొదటి రోజే ఆపింది డాక్టర్ల బృందం, ఎవరికి వాళ్లు కాదు. బ్రదర్, నీది మెట్‌ఫార్మిన్ ఒక్కటే కాబట్టి ఆ భయం తక్కువ. అయినా మీ డాక్టరుకి చెప్పకుండా ఏదీ మొదలుపెట్టకు.

ఇంకోటి. మన ఆడవాళ్లలో రక్తహీనత చాలా ఎక్కువ. ఐరన్ తక్కువైతే హెచ్‌బిఎ1సి కాస్త ఎక్కువ చూపించొచ్చు. బోర్డర్లో ఉన్నవాళ్లు పరగడుపు టెస్టు కూడా చూసుకోవాలి.

కృష్ణాతీరం (జనవరి 26, మధ్యాహ్నం 2:20)
సెలవు కదా, ఈ రోజు ఒక పని చేశాను. మా ఆవిడ కేకుల కోసం కొన్న చిన్న కాటా ఉంది. అమ్మ నాకు ఎప్పుడూ పెట్టేలాగే పెట్టమన్నాను. హస్తంతో మూడు సార్లు, "ఇంకొంచెం" అని నాలుగోసారి. తూచితే అన్నం 420 గ్రాములు. నెట్‌లో చూస్తే వంద గ్రాముల అన్నంలో 28 గ్రాముల పిండి పదార్థం. అంటే ఒక్క పూటకి 118 గ్రాములు. పప్పు తూచాను, 60 గ్రాములు. అది కూడా నీళ్లతో కలిపి! పక్కన చిటికెడు దొండకాయ వేపుడు. నేను అన్నంలో కూర కలుపుకోవడం లేదండీ, అన్నానికి కూర వాసన చూపిస్తున్నాను.

పాలమూరు_పిల్ల (మధ్యాహ్నం 3:00)
దేశమంతా ఇదే పళ్లెం. దేశమంతటా షుగర్ మీద చేసిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం 2025లో చెప్పింది, మనం తినే క్యాలరీల్లో 62 శాతం పిండి పదార్థాల నుంచేనట. అందులో ఐదు శాతం క్యాలరీలు తీసి పప్పులకో, పాలు పెరుగులకో మార్చినా షుగర్ ముప్పు తగ్గుతుందని వాళ్ల లెక్క. అన్నం మానెయ్యక్కర్లేదు. మీ అన్నం, పప్పు తూకాల్ని దగ్గరికి తీసుకురండి చాలు.

రిటైర్డ్_మాస్టారు (సాయంత్రం 5:10)
బియ్యం కూడా మార్చి చూడు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో విడుదల చేసిన ఆర్ఎన్ఆర్ 15048, తెలంగాణ సోనా అంటారు. దాని గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె, 51 దగ్గర. గింజ సన్నం, మన సాంబమసూరి తిన్న నోటికి తేడా పెద్దగా తెలియదు.

అమ్మమ్మ_వంటిల్లు (సాయంత్రం 5:25)
అది షుగర్ బియ్యం కదా అని మా ఆయన రెండు పూటలూ రెండింతలు తింటున్నాడు మాస్టారూ.

రిటైర్డ్_మాస్టారు (సాయంత్రం 5:31)
అయితే కాటా కూడా కొనిపెట్టమ్మా.

కృష్ణాతీరం (ఏప్రిల్ 27, రాత్రి 9:48)
చాలామంది మెసేజ్ చేసి అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను. డాక్టరు గారితో మాట్లాడే చేశాను. షేకులు నా వల్ల కాలేదు. అన్నం 150 గ్రాములకి దించి, ముందు పప్పు, కూర, గుడ్డు తిని చివర్లో అన్నం. వారానికి నాలుగు రోజులు గోడకి చేతులు పెట్టి పుషప్స్, ఇప్పుడు నేల మీద పన్నెండు వస్తున్నాయి. బరువు 58.5, నడుము 83. హెచ్‌బిఎ1సి 6.1. మెట్‌ఫార్మిన్ ఇంకా వేసుకుంటున్నాను, మూడు నెలల తర్వాత ఆపి చూద్దామన్నారు.

కష్టమైంది తిండి కాదు. పెళ్లిళ్లు! ఎక్కడికెళ్లినా "ఏంటయ్యా ఇలా చిక్కిపోయావు, ఏదైనా రోగమా" అని అడుగుతున్నారు. షుగర్ తగ్గించుకున్నానని చెప్తే ఎవరూ నమ్మడం లేదు. పెదనాన్న అయితే నన్ను పక్కకి పిలిచి, డబ్బు ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడిగాడు.

సరే, అర్జెంటు ప్రశ్న. నూజివీడు నుంచి మామగారు రెండు బుట్టలు చిన్న రసాలు పంపారు. ఇల్లంతా వాసన. నా వాటా ఎంత?

మంగళగిరి_సిస్టర్ (రాత్రి 10:02)
ఒకటి. భోజనంతో కాదు, సాయంత్రం విడిగా. రెండు గంటల తర్వాత గుచ్చి చూసుకుని ఇక్కడ అంకె పెట్టు.

సూటిగా_చెప్తా (రాత్రి 10:05)
టెంక చీకడం లెక్కలోకి వస్తుందా సిస్టర్?